పిచ్చికుక్క కాటు: మనకుగల గడువు



అప్పు పుచ్చుకొన్నవానికి గడువనగా నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. గడువులోపల చెల్లించినవాడు భూమిని నిలుపుకొనును. పంట పోయిన సంవత్సరమున సంఘమువారు వాయిదా పొడిగించుటయు కలదు. కాని గడువు దాటినపిమ్మట ఒక్క దినమైనను పొడిగింపని ఋణదాత యొకడు మన ఊరి వీధులలోనే తిరుగుచున్నాడు. వాడే పిచ్చికుక్క కాటువలన సంక్రమించు వ్యాధి. వైద్యులు దీనిని రేబిస్ అందురు. రోగి నీటిని జూచి భయపడును గనుక జలభయవ్యాధి యనియు దీనికి పేరు గలదు.

ఈ పాఠమున చెప్పదలచిన దంతయు రెండు మాటలలో నిమిడియున్నది. వ్యాధిలక్షణములు పైకి కనబడిన తరువాత దీనిని కుదుర్చు మందు లేదు. లోకమంతటను వ్రేళ్లమీద లెక్కింపదగిన కొందఱు దక్క బ్రతికినవారు లేరు. లక్షణములు కనబడకముందు, అనగా కాటు పడిననాడే, చేయవలసిన పని చేసినచో మరణమును తప్పించుకొనుట మన చేతిలోనిదే. ఈ రెంటికిని నడుమనున్న కాలమే మనకుగల గడువు. దానిని మన మెట్లు పోగొట్టుకొనుచున్నామో, ఎట్లు వినియోగించుకొనవలెనో యిచ్చట వివరింపబడును.

ఈ వ్యాధిచే ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది చనిపోవుచున్నారని ప్రపంచారోగ్యసంస్థ అంచనా. వారిలో నూటికి 40 మంది 15 ఏండ్లలోపు పిల్లలు. మన దేశమున 2022, 2023 సంవత్సరములలో జరిగిన ఒక పెద్ద సర్వే ననుసరించి ఏటికి సుమారు 5,700 మంది మరణించుచున్నట్లు తేలినది. అంతకు పూర్వపు అంచనాలు దీనికి మూడింతలుగా నుండెను. ఏ లెక్క తీసికొన్నను, నివారణోపాయము తెలిసియున్న వ్యాధికి ఇన్ని ప్రాణములు బలియగుట శోచనీయము.

1. వ్యాధి శరీరమున ప్రవేశించు విధము

రేబిస్ కు కారణము వైరస్ అను మిక్కిలి సూక్ష్మమైన జీవి. ఇది వ్యాధిగ్రస్తమైన జంతువు చొంగలో నుండును. ఆ జంతువు కఱచినపుడు గాయముగుండ మన దేహమున చొచ్చును. చర్మము చీఱుకుపోయినచోట నాకినను, కన్ను, నోరు, ముక్కులలోపల చొంగ తగిలినను ప్రవేశింపవచ్చును. చెక్కుచెదరని చర్మముమీద నాకినంతమాత్రమున అంటుకొనదు.

పాము విషము రక్తములో కలిసి గడియలలో వ్యాపించును. ఇది యట్లు కాదు. గాయమువద్దనున్న నరమును పట్టుకొని, దానివెంట మెల్లమెల్లగా మెదడువైపునకు ప్రాకును. చెట్టు మొదటిలో చెదపట్టినపుడు కొమ్మలు పచ్చగనే యుండును గదా! అట్లే యీ కాలమున మనుష్యుడు ఆరోగ్యముగనే తిరుగుచుండును; పుండు మానిపోవును; కాటు సంగతి యింటివారు మఱచిపోవుదురు. సాధారణముగా ఒక నెల మొదలు మూడు నెలలలోపల వ్యాధి బయటపడును. అరుదుగా వారము దినములకే బయటపడవచ్చును; మఱికొందఱిలో సంవత్సరము దాటిన తరువాతను బయటపడుట కలదు.

తల, ముఖము, మెడ, చేతులమీద పడిన కాటు మిక్కిలి అపాయకరము. ఏలయన అచ్చట నరములు దట్టముగ నుండును. తల, మెడ మెదడునకు సమీపమున నున్నవి. పిల్లలు పొట్టివారగుటచే కుక్క నోరు వారి ముఖమునకే సూటిగా అందును. కావున పిల్లల గడువు పెద్దలదానికంటె తక్కువయని యెఱుగవలెను.

2. బయటపడిన వ్యాధి స్వరూపము

మొదట జ్వరము, తలనొప్పి, నిద్రపట్టమి కలుగును. మానిపోయిన కాటుచోట మరల తిమ్మిరియో, మంటయో, దురదయో పుట్టుట ముఖ్యమైన సూచన. పిదప రోగి కలతపడును. దాహమున్నను నీరు మ్రింగబోవునప్పటికి గొంతు కండరములు బిగుసుకొని దుర్భరమైన బాధ కలుగును. కడకు నీటి చప్పుడు విన్నను, ముఖముమీద విసనకఱ్ఱ గాలి తగిలినను వణకిపోవును. నడుమ నడుమ తెలివి కలిగియే యుండి, తనవారిని గుర్తించుచునే యీ బాధ ననుభవించును. కొన్ని దినములలో మరణము సంభవించును. సుమారు అయిదుగురిలో నొకనికి ఈ యార్భాటమేమియు లేక, కాటుపడిన అవయవము మొదలుకొని మెల్లగా పక్షవాతము వ్యాపించి ప్రాణము పోవును. అట్టివారిది రేబిస్ అని గుర్తించుటయే కష్టము.

ఇది మనకు క్రొత్తగా వచ్చిన వ్యాధి కాదు. సుశ్రుతసంహిత కల్పస్థానమున పిచ్చికుక్క, నక్క మొదలగువాని కాటును గూర్చియు, నీటి భయమును గూర్చియు వర్ణింపబడియున్నది. నీటిని జూచి బెదరుట మరణసూచకమని ఆ గ్రంథమే చెప్పుచున్నది. పసరులచేతను, మంత్రముచేతను దీనిని కుదుర్తుమని చెప్పువారిని నమ్మి పోవు సోదరులు, మన ప్రాచీనవైద్యుడే దీనిని అసాధ్యమని వదలినాడని తెలిసికొనవలెను. అట్లయిన మంత్రము వేయించుకొని బ్రతికినవారు లేరా యని మీరడుగవచ్చును. కఱచిన ప్రతి కుక్కకును పిచ్చి యుండదు. పిచ్చిలేని కుక్క కఱచినవాడు ఏమియు చేయకున్నను ఈ వ్యాధిచే చావడు. ఆ కీర్తి మంత్రగానికి దక్కుచున్నది. తరువాత నిజమైన పిచ్చికుక్క కాటు తిన్నవాడు ఆ కీర్తిని నమ్మి ప్రాణము పోగొట్టుకొనుచున్నాడు.

3. జంతువులలో గుర్తులు

మనుష్యులకు వచ్చు రేబిస్ లో నూటికి 99 వంతులు కుక్కలవలననే వచ్చుచున్నది. పిల్లి, ముంగిస, నక్క, కోతి మొదలగువానివలనను రావచ్చును. ఎలుక, ఉడుత, కుందేళ్లవలన వచ్చుట మిక్కిలి అరుదు.

పిచ్చికుక్క యనగానే నాలుక వ్రేలవైచి, ఎదురైనదానినెల్ల కఱచుచు పరుగెత్తు కుక్క మన కండ్లకు గట్టును. అది యొక రూపము మాత్రమే. రెండవదానిని మూగపిచ్చి యందురు. అట్టి కుక్క చీకటిమూలలలో దాగును, తిండి మానును, క్రింది దవడ జాఱిపోయి చొంగ కారును, మొఱుగు గొంతు మాఱును. యజమానుడు ఎముక గొంతున నడ్డుపడినదని తలచి నోటిలో చేయిపెట్టును. ఇది మిక్కిలి ప్రమాదము. సాధువైన కుక్క కారణములేక కసరుటయు, బెదురుగొట్టు కుక్క యకస్మాత్తుగా దగ్గఱకు వచ్చుటయు గూడ అనుమానింపదగినవే.

రెండు పొరపాటు నమ్మకములను విడువవలెను. నీరు త్రాగుచున్న కుక్కకు పిచ్చి లేదనుట తప్పు. నీటి భయము మనుష్యులలో కనబడు లక్షణమేగాని కుక్కలలో కాదు. వేసవిలోనే కుక్కలకు పిచ్చి యెత్తుననుటయు తప్పు. ఈ వ్యాధికి ఋతుభేదము లేదు.

4. కాటు పడినతోడనే చేయవలసిన పని

మొదటి వైద్యము మన యింటిలోనే కలదు. దానికి ఖర్చు ఒక సబ్బుబిళ్ల. గాయమును తక్షణమే ధారగా పాఱు నీటితోను, సబ్బుతోను 15 నిమిషములు కడుగవలెను. కొళాయి లేనిచోట ఒకరు చెంబుతో పోయుచుండగా మఱియొకరు కడుగవచ్చును. పొలమున నున్నచో మోటారు గొట్టము నీరు చాలును. ఈ వైరస్ పైన క్రొవ్వుతో కూడిన పలుచని పొర యొకటి గలదు. సబ్బు దానిని కరగించి వైరస్ ను చంపును. నరములోనికి చేరకముందే శత్రువులో పెక్కుభాగమును గాయమువద్దనే నాశనము చేయుట దీని యుద్దేశము. 15 నిమిషములనగా ఒకసారి తొలిచి వదలుట కాదు. గడియారము చూచి కడుగుడు. పిమ్మట అయొడిన్ మందున్నచో పూయుడు.

చేయరాని పనులును కలవు. గాయముమీద కారము, సున్నము, పసుపు, బూడిద, కాఫీపొడి, నూనె, ఆకుపసరు పెట్టరాదు. నిప్పుతో కాల్చరాదు. ఇవి వైరస్ ను చంపవు. పుండును రేపి దానిని లోపలికి పంపుటకు తోడ్పడును. గుడ్డతో బిగించి కట్టరాదు. వైద్యునిచే కుట్లు వేయించుటకును తొందరపడరాదు; కుట్టు తప్పనిసరియైనచో ఎప్పుడు, ఎట్లు వేయవలెనో వైద్యుడే నిర్ణయించును.

కడుగుట ముగిసినపిమ్మట ఆసుపత్రికి పోవలెను. కడిగితిమిగదా యని యింట కూర్చుండరాదు. కడుగుట మొదటి మెట్టు మాత్రమే.

5. టీకా: అప్పుడు, ఇప్పుడు

ఈ వ్యాధికి టీకా మొదట కనిపెట్టినవాడు ఫ్రాన్సు దేశపు పండితుడగు లూయీ పాశ్చరు. 1885 జులై 4 వ తేదీన పిచ్చికుక్క కఱచిన జోసెఫ్ మైస్టరు అను 9 ఏండ్ల బాలునికి ఆయన 6 వ తేదీన టీకాలు మొదలుపెట్టెను. బాలుడు బ్రతికెను. మన దేశమున 1900 లో కసౌలీలోను, దక్షిణదేశమున 1907 లో కూనూరులోను పాశ్చరు పేర వైద్యాలయములు వెలసినవి. ఆ కాలమున కుక్క కఱచినవారు కొండలెక్కి అంతదూరము పోవలసియుండెను.

ఆ నాటి టీకా గొఱ్ఱె మెదడునుండి తయారయ్యెడిది. దానిని బొడ్డుచుట్టు కడుపుమీద, దినమున కొకటి చొప్పున పదునాలుగు వఱకు వేసెడివారు. నొప్పియు, వాపును మెండు. ఒక్కొక్కప్పుడు నరములకు హానియు కలిగెడిది. ఆ టీకా తయారీ మన దేశమున 2004 సంవత్సరాంతమున ఆగిపోయినది. కాని దాని భయము మాత్రము పల్లెలలో నేటికిని పోలేదు. బొడ్డుచుట్టు సూదులకు జడిసి కాటును దాచువారు ఇంకను గలరు. సోదరులారా! అది ముగిసిన కథ. నేటి టీకా శుభ్రమైనది, నొప్పి తక్కువ, దండచేతికి వేయుదురు. చిన్నపిల్లలకు తొడకు వేయుదురు. ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగ వేయుదురు. హైదరాబాదున జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలి 1982 లో స్థాపించిన సంస్థయందు పశువులకును, మనుష్యులకును గూడ ఈ టీకాలు తయారగుచున్నవి.

టీకా వేయు తేదీలను రైతులు కంఠస్థము చేయవలెను. చర్మములో వేయు పద్ధతియందు నాలుగు మాఱులు పోవలెను: మొదటి దినము, అటుపిమ్మట 3, 7, 28 దినములకు. అనగా నెల 1 వ తేదీన మొదటి సూది పడినచో 4, 8, 29 తేదీలలో తక్కినవి. కండలో వేయు పద్ధతియందు అయిదు మాఱులు: 1, 4, 8, 15, 29 తేదీలు. ఏ పద్ధతి యనునది ఆసుపత్రివారు చెప్పుదురు. రెండు సూదులు కాగానే పుండు మానినదని మిగిలినవి మానుట, సగము గట్టు వేసి చెఱువు నిండుననుకొనుటవంటిది.

గాయపు తీవ్రతనుబట్టి వైద్యము మూడు విధములు.

మొదటి తరగతి: జంతువును తాకుట, తిండి పెట్టుట, చెక్కుచెదరని చర్మమును అది నాకుట. కడుగుకొన్న చాలును, టీకా అక్కఱలేదు.

రెండవ తరగతి: రక్తము రాని గీఱు, చర్మమును పంటితో కొద్దిగ నొక్కుట. కడిగి, టీకా వేయించుకొనవలెను.

మూడవ తరగతి: రక్తము వచ్చిన కాటు లేక రక్కు, పుండుమీద నాకుట, కంటిలో నోటిలో చొంగ పడుట. కడిగి, టీకాతోబాటు ఇమ్యునోగ్లోబులిన్ అను మందునుగూడ వేయించుకొనవలెను.

ఈ మూడవ తరగతి విషయమై యొక మాట. టీకా మన దేహముచే రక్షణశక్తిని పుట్టించును. కాని అది పుట్టుటకు ఒకటి రెండు వారములు పట్టును. అంతవఱకు గాయమును కాపాడునది యెవరు? ఇమ్యునోగ్లోబులిన్ అను మందు ముందే తయారైయున్న రక్షణశక్తి. దానిని గాయములోపలను, చుట్టును వేయుదురు. నాటిన పైరు వేరూనువఱకు కంచె వేసినట్లు ఇది పనిచేయును. ఇది ప్రతి చిన్న ఆసుపత్రియందు దొరకకపోవచ్చును. దొరకనిచో టీకా మొదటి సూది అక్కడనే వేయించుకొని, ఆలస్యము చేయక పెద్ద ఆసుపత్రికి పోవలెను. మొదటి టీకా పడిన 7 దినములు దాటిన తరువాత ఈ మందు వేయరు. "ఇమ్యునోగ్లోబులిన్ వేయవలెనా?" యని వైద్యుని మీరే అడుగుడు.

6. గడువును పోగొట్టు సాకులు

"అది మా పెంపుడు కుక్కయే." పెంపుడు కుక్కను వీధికుక్క కఱచియుండవచ్చును, దాని టీకాలు సక్రమముగ జరిగినవో లేదో వైద్యునికి చెప్పుడు, నిర్ణయము ఆయనకు విడువుడు.

"అది కుక్కపిల్ల." పిల్లకును వ్యాధి వచ్చును. పంటి పదును చిన్నదైనను చొంగలోని వైరస్ చిన్నది కాదు.

"కుక్క బ్రతికియే యున్నది, చూతము." కఱచిన కుక్కను, పిల్లిని 10 దినములు కనిపెట్టి చూచుట మంచిదే. ఆ దినములలో అది ఆరోగ్యముగ నున్నచో కాటునాటికి దాని చొంగలో వైరస్ లేదని తేలును. అప్పుడు మిగిలిన సూదుల సంగతి వైద్యుడు నిర్ణయించును. కాని టీకా మొదలుపెట్టి కుక్కను చూడవలెను. కుక్కను చూచిన తరువాత టీకా మొదలుపెట్టుట తగదు. కుక్క కనబడకుండ పోయినను, చచ్చినను సూదులన్నియు పూర్తి చేయవలెను.

"కాటుపడి నెల దాటినది." దాటినను లక్షణములు లేనంతవఱకు గడువు మిగిలియున్నట్లే. నేడే పోవుడు.

"గర్భిణికి, పసిబిడ్డకు సూది తగదు." తగును. ఈ టీకా వారికి హాని చేయదు. పథ్యము పేర తిండి మాన్పించుటయు అనవసరము.

"నిరుడు ఒకసారి సూదులన్నియు వేయించుకొంటిని." మంచిది, ఆ చీటిని చూపుడు. మరల కాటు పడినచో రెండు సూదులతో, మొదటి దినమున, మూడు దినములకు, సరిపోవును, ఇమ్యునోగ్లోబులిన్ అక్కఱలేదు. కాని ఏమియు అక్కఱలేదనుట కాదు.

వీటన్నిటికంటె ఘోరమైనది మఱియొకటి గలదు. అది పిల్లల మౌనము. బడినుండి వచ్చు త్రోవలో పిల్లవాడు కుక్కపిల్లతో ఆడుచుండగా అది కఱచినదనుకొనుడు. చెప్పినచో తండ్రి కొట్టునని భయపడి, కాలువలో కాలు కడుగుకొని, చొక్కా దించుకొని యింటికి వచ్చును. రెండు నెలలకు వాడు నీళ్లు త్రాగలేక యేడ్చునపుడు తల్లికి సంగతి తెలియును. తండ్రి కోపము ఆ నాడు గడువును మ్రింగివేసినది. కావున కుక్కగాని, పిల్లిగాని కఱచినను, రక్కినను వెంటనే చెప్పవలెననియు, చెప్పినవానిని ఎవ్వరును కొట్టరనియు పిల్లలకు ముందే మాట యిండు. ఇచ్చిన మాటను నిలుపుకొనుడు.

7. పశువులను కఱచినచో

ఆవును, గేదెను, ఎద్దును పిచ్చికుక్క కఱచినపుడు గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి, పశువైద్యుని పిలువవలెను. కడుగువారు చేతికి తొడుగులు వేసికొనుట మంచిది. పశువులకును కాటు తరువాత వేయు టీకాలు కలవు. మొదటి దినము, పిదప 3, 7, 14, 28 దినములకు వేయుదురు. పశువును మందలో కలుపక వేఱుగ కట్టవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సంచారపశువైద్యశాలకు 1962 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును.

వ్యాధి బయటపడిన పశువు మేత మానును, బొంగురు గొంతుతో మాటిమాటికి అఱచును, చొంగ తీగలుగా వ్రేలాడును, పేడకు, మూత్రమునకు మాటిమాటికి ముక్కును, వెనుకకాళ్లు తూలును, కొన్ని మీదపడి పొడుచును. మ్రింగలేకుండుట చూచి గొంతులో ఏదో తట్టుకొన్నదని రైతు నోటిలో చేయిపెట్టి వెదకుట, గొట్టముతో మందు పోయుట సాధారణముగ జరుగుచున్నది. చేతిమీద చిన్న గీఱున్నను చాలును, వ్యాధి అంటును. అట్టి పశువు నోటిలో చేయి పెట్టకుడు. పెట్టియున్నచో కాటుపడినట్లే భావించి ఆసుపత్రికి పోవుడు.

పాలనుగూర్చి సభ్యులు శ్రద్ధగ వినవలెను. కాచినపాలలో ఈ వైరస్ బ్రతుకదు. కావున కాచి త్రాగినవారు భయపడనక్కఱలేదు. అయినను లక్షణములున్న పశువును పితుకరాదు. ఆ పాలు సంఘపు కేంద్రమునకు పోయరాదు. తెలియక పచ్చిపాలు త్రాగినవారు వైద్యుని సలహా పొందవలెను. చచ్చిన పశువు తోలు ఒలువరాదు, కోయరాదు. లోతుగా గొయ్యి త్రవ్వి సున్నము చల్లి పూడ్చవలెను. పరీక్షకు మెదడు పంపవలసియున్న, ఆ పని పశువైద్యునిది.

8. వ్యాధిని మొదటిలోనే ఆపుట

మనుష్యునికి వేయు సూది ఒక్క ప్రాణమును కాపాడును. కుక్కకు వేయు సూది ఊరిని కాపాడును. పెంపుడు కుక్కకు మూడవ నెలలో మొదటి టీకా, పశువైద్యుడు చెప్పిన ప్రకారము మఱియొకటి, ఆ తరువాత ఏటేట ఒకటి వేయింపవలెను. ఒక ప్రాంతమున నూటికి 70 కుక్కలకు టీకాలు పడినచో, వైరస్ ఒకదానినుండి మఱియొకదానికి ప్రాకలేక నశించునని శాస్త్రజ్ఞుల నిర్ణయము. గోవా రాష్ట్రమున కుక్కలకు విస్తారముగ టీకాలు వేసి, బడిపిల్లలకు బోధించి, కాటు వార్తలను వెంటనే విచారించుటచే 2018, 2019, 2020 సంవత్సరములలో మనుష్యులలో ఒక్క రేబిస్ మరణమైనను నమోదు కాలేదు. కేంద్రప్రభుత్వమువారు 2021 సెప్టెంబరు 28 న, కుక్కలవలని రేబిస్ ను 2030 నాటికి దేశమునుండి తొలగించు ప్రణాళికను ప్రకటించిరి.

వీధికుక్కలను చంపినచో సరిపోవునని కొందఱందురు. చంపుట చట్టవిరుద్ధము, అంతేగాక నిష్ఫలము. ఒక వీధి కుక్కలు పోయినచో ప్రక్క ఊరి కుక్కలు, టీకా లేనివి, ఆ తావునకు వచ్చును. పట్టి, పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించి, టీకా వేసి విడుచుట 2001 నుండి మన దేశపు నిబంధనలలో నున్న మార్గము. 2023 లో ఆ నిబంధనలు క్రొత్తగ వ్రాయబడినవి. చచ్చిన కోళ్లను, మాంసపు వ్యర్థములను వీధిలో పాఱవేయకుండుట మన వంతు. ఆ తిండియే కుక్కల గుంపులను పెంచుచున్నది.

9. సహకారసంఘము చేయదగిన పని

ఒక్క రైతు తన కుక్కకు టీకా వేయించి, తక్కిన ఊరు ఊరకున్నచో ప్రయోజనము స్వల్పము. ఇది కాలువ పూడికవంటిది. అందఱును కలిసి తీసిననే నీరు పాఱును. కావున మన సంఘములు ఈ క్రింది పనులు చేయవచ్చును.

ఒకటి: సంఘపు కార్యాలయమునందును, పాలకేంద్రమునందును సబ్బు, నీళ్లు ఎల్లప్పుడు సిద్ధముగ నుంచుట. గోడమీద "15 నిమిషములు" అని పెద్ద యక్షరములతో వ్రాయించుట.

రెండు: కాటుపడినవారి పేర్లకు ఒక పుస్తకము. వాయిదాల పుస్తకము వ్రాయు కార్యదర్శికి సూదుల తేదీలు వ్రాయుట కష్టము కాదు. తేదీ తప్పినవాని యింటికి కబురు పంపవలెను.

మూడు: కూలివానికి నాలుగు మాఱులు ఆసుపత్రికి పోవుటయనగా నాలుగు దినముల కూలి పోవుట. పెక్కుమంది రెండవ సూదితో మానుటకు కారణము అజ్ఞానము మాత్రమే కాదు, ఈ నష్టముకూడ. సంఘపు సంక్షేమనిధినుండి బస్సుఖర్చు ఇచ్చుట పెద్ద భారము కానేరదు.

నాలుగు: ఏటికొక దినమున పశువైద్యుని పిలిపించి ఊరి కుక్కలన్నిటికిని టీకాలు వేయించుట. సెప్టెంబరు 28 పాశ్చరు మరణించిన దినము. ప్రపంచ రేబిస్ దినముగ పాటింపబడుచున్నది. ఆ దినమే తగియున్నది.

సభ్యులు తమలో విచారించుకొనవలసిన ప్రశ్నలు

1. కాటుపడినతోడనే గాయమును ఎంతసేపు, దేనితో కడుగవలెను? ఏల?
2. మన ఊరికి సమీపమున టీకా దొరకు ఆసుపత్రి ఏది? ఇమ్యునోగ్లోబులిన్ దొరకునది ఏది?
3. 10 వ తేదీన మొదటి సూది వేసినచో, చర్మములో వేయు పద్ధతియందు రెండవ, మూడవ సూదులు ఏ తేదీలలో పడును?
4. మన ఊరిలో కుక్కలెన్ని? వానిలో నిరుడు టీకా పడినవి ఎన్ని?
5. మన పిల్లలు కాటును దాచకుండుటకు మనమేమి చేసితిమి?

రెండవ ప్రశ్నకు ఉత్తరము తెలియనివారు రేపే తెలిసికొనుడు. అర్ధరాత్రి బిడ్డను ఎత్తుకొని బయలుదేఱునపుడు విచారించుటకు వ్యవధి యుండదు. ఈ ఋణదాత తలుపు తట్టి రాడు, నోటీసు పంపడు. కాని గడువులోపల చెల్లించినవానిని ఏమియు చేయజాలడు. ఆ చెల్లింపు ఒక సబ్బుబిళ్ల, నాలుగైదు సూదులు, కొన్ని దినముల శ్రద్ధ మాత్రమే.